విజయనగరంలో ఉండి పాత బీఎండబ్ల్యూ జెడ్4 కొనొచ్చా? చూడ్డానికి వెళ్ళేముందు ఏటేటి అడగాలి?

కోటగుమ్మం35:
అందరికీ నమస్తే. ఒక టూ సీటర్ కొనాలని చాలా ఏళ్ళుగా ఉంది. ఇప్పుడు చేతిలో కాస్త డబ్బులు ఆడుతున్నాయి, ఇంట్లో కూడా "సరే, నీ ఇష్టం" అనేదాకా వచ్చారు (అది ఒప్పుకోలో విసుగో తెలీదు, నేను మాత్రం ఒప్పుకోలు కిందే లెక్కేసుకున్నాను). హైదరాబాద్‌లో ఒక బీఎండబ్ల్యూ జెడ్4 కనపడింది. 2011 మోడల్, ఎస్‌డ్రైవ్ 35ఐ, ఏపీ 09 నంబర్, రెండో ఓనర్, మీటర్లో 41 వేలు, రేటు 19 లక్షలు చెప్తున్నాడు. రోజువారీ తిరగడానికి ఇంట్లో వేరే కారు ఉంది. ఇది ఆదివారం తెల్లవారుజామున భోగాపురం వైపు హైవే మీద ఒక రౌండు, ఎప్పుడైనా వైజాగ్, అంతే.

వీడియో కాల్లో రూఫ్ తెరిచి చూపించాడు. "అంతా పర్ఫెక్ట్ సార్, అడ్వాన్స్ వేసేయండి, ఇంకో పార్టీ రెడీగా ఉంది" అంటున్నాడు. రైలెక్కేముందు ఏం తెలుసుకోవాలి, ఫోన్లోనే ఏం అడిగేయాలి? బండి గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. "ఆ డబ్బుతో స్థలం కొనుక్కో" అనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, ఇక్కడ అక్కర్లేదు.

పాతపిస్టన్:
ఆ ఇంకో పార్టీ ప్రతి బండికీ ఉంటుంది లెండి. అడ్వాన్స్ మాట పక్కన పెట్టి, ఆ కారు సర్వీస్ ఫైలు మొత్తం, అంటే మొదటి ఓనర్ నాటి బిల్లులతో సహా, ఫొటోలు తీసి పంపమనండి. పంపడానికి నసిగితే టికెట్టు డబ్బులు మిగిలాయనుకోండి.

ఎందుకంటే 35ఐలో ఉన్నది ఎన్54 ఇంజన్. మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్. నడిపితే మతి పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ దాని జబ్బులు ప్రపంచమంతా తెలిసినవే. మొదటిది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు. 2010లో అమెరికాలో ఈ పంపు కోసమే బీఎండబ్ల్యూ రీకాల్ చేసింది. పంపు పోతున్న బండి స్టార్టవ్వడానికి ఎక్కువసేపు గింజుకుంటుంది, గట్టిగా తొక్కితే హఠాత్తుగా పవర్ తగ్గించేసి లింప్ మోడ్‌లోకి పోతుంది. తర్వాత ఇంజెక్టర్లు. ఆ తర్వాత టర్బోల వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడిని అదుపులో పెట్టే చిన్న తలుపు), అది అరిగితే గలగలమని రేకు చప్పుడు వస్తుంది. వాటర్ పంపు బెల్టు మీద నడిచేది కాదు, కరెంటు పంపు, అది ముందుగా చెప్పి పోదు. వాల్వ్ కవర్ దగ్గర, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో టార్చి వేసి చూడాలి. ఆయిల్ చూడ్డానికి డిప్‌స్టిక్ కూడా ఉండదు, లెవెల్ స్క్రీన్ మీదే చూపిస్తుంది.

బిల్లుల్లో ఈ పంపు, ఇంజెక్టర్లు, వాటర్ పంపు మార్చినట్టు కనపడితే సంతోషించండి. "ఒక్క పార్టు కూడా మార్చలేదు సార్, ఒరిజినల్" అంటే ఆ ఖర్చంతా మీ కోసం దాచి ఉంచాడని అర్థం. 14 ఏళ్ళు దాటిన కారుకి 41 వేలు తిరగడం గొప్ప విషయం కాదు, నన్నడిగితే నిలబడిపోయిన బండి కంటే నెలనెలా తిరిగిన బండే నయం. రబ్బర్లు, సీళ్ళు కిలోమీటర్లు చూసి ఎండవు.

ఇంకో మాట. వెళ్ళే రోజు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడు.

సిక్కోలు_హైవే:
ఇంజన్ సంగతి అన్నయ్య చెప్పేశారు, నేను కాగితాలు చెప్తాను. చాలామంది బోల్తా పడేది అక్కడే.

ఏపీ 09 చూసి "మన రాష్ట్రం నంబరే కదా" అనుకోకండి. అది హైదరాబాద్ సిరీస్, 2014 జూన్ 2 తర్వాత ఆ రికార్డు తెలంగాణ లెక్క. ప్లేటు మీద ఏపీ ఉన్నా మీకది పక్క రాష్ట్రం బండే. అక్కడ ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకోవాలి, తర్వాత 29, 30 ఫారాలతో ఓనర్‌షిప్ మార్పు, లోన్ ఉంటే అది తీరిందని ఫారం 35. మన జిల్లా పాత ఏపీ 35 నంబర్ వస్తుందని ఆశ పడకండి, 2019 నుంచి జిల్లాకో నంబర్ లేదు, రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్. లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలా, కడితే ఎంత అన్నది ఆర్సీ కాపీ పట్టుకుని ముందే మన రవాణా ఆఫీసులో అడగండి, ఆ అంకె తెలియకుండా బేరం మొదలెట్టొద్దు.

రెండోది ఇంకా ముఖ్యం. 2011 బండి అన్నారు. ఆర్సీ చెల్లేది 15 ఏళ్ళు, అంటే 2026తో సరి. తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్ళకి రెన్యువల్ చేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రెన్యువల్ ఫీజు మామూలు కారుకి 5,000, దిగుమతి కారుకి 40,000. జెడ్4 ఇక్కడ తయారైంది కాదు, బయట నుంచి పూర్తిగా తయారై వచ్చిందే, కాబట్టి ఆర్సీలో ఏమని రాసి ఉందో చూసుకోండి. అమ్మేవాడి తొందర వెనక ఈ తారీఖు కూడా ఉండొచ్చు.

మూడోది పాత ఇన్సూరెన్స్ పాలసీలు. అయిదేళ్ళు వరసగా క్లెయిమ్ లేకపోతే నో క్లెయిమ్ బోనస్ (ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతానికి చేరుతుంది. "చిన్న గీత కూడా పడలేదు" అనేవాడి పాలసీలో బోనస్ సున్నా ఉంటే, క్లెయిమ్ దేనికి చేశావని అడగండి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వరదల్లో బేస్‌మెంట్లలో మునిగిన కార్లు తక్కువేం కాదు, 2015 డిసెంబర్‌లో చెన్నైలోనూ అంతే. ఇది కింద కూర్చునే బండి, నీళ్ళు ముందు దీంట్లోకే వస్తాయి. సీటు బెల్టు మొత్తం చివరిదాకా బయటికి లాగి చూడండి, రోజూ చుట్టలోనే ఉండిపోయే ఆ చివరి జానెడు ముక్కని కడగాలని ఎవరికీ తోచదు. అక్కడ మట్టి చార కనపడితే ఇక మాటలక్కర్లేదు. సీటు పట్టాల మూలల్లో తుప్పు, కార్పెట్ కింద వాసన కూడా.

దండగఖర్చు:
అడగొద్దన్నారు గానీ చెప్తాను, స్థలం కొనమని కాదు. ఆ బండి మన ఊళ్ళలో నడుస్తుందా అని ఆలోచించారా? నెల్లిమర్ల రోడ్డులో గానీ గజపతినగరం వైపు గానీ ఊరికో స్పీడ్ బ్రేకర్, అందులో సగం ఎవరి ఇంటిముందు వాళ్ళు వేసుకున్నవే. పెళ్ళాం పిల్లలతో సిరిమాను పండక్కి ఊళ్ళో తిరగాలంటే రెండు సీట్ల బండి దేనికి? 2020లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 అని 200 కార్లే తెచ్చారు. 245 హార్స్‌పవర్, అయిదుగురు కూర్చోవచ్చు, డిక్కీలో బియ్యం బస్తాలు పడతాయి. బీఎస్6 బండి, కాగితాలకి ఇంకా బోలెడు ఆయుష్షు. అది దొరికితే చూడండి.

కోటగుమ్మం35:
@దండగఖర్చు ఆక్టేవియా మంచి కారే, కానీ దాని రూఫ్ తెరుచుకోదు కదా గురువుగారూ. నాకు కావలసిందే అది. పండక్కి తిరగడానికి ఇంట్లో కారు ఉందని మొదట్లోనే చెప్పాను.

@సిక్కోలు_హైవే ఏపీ 09 సంగతి నాకస్సలు తట్టలేదు. రూఫ్ గురించి కూడా ఎవరైనా చెప్పండి, మన వైపు సముద్రం గాలి కదా. పెట్రోల్ సంగతి కూడా.

పాతపిస్టన్:
రూఫ్ గుడ్డది కాదు, అల్యూమినియం, రెండు ముక్కలుగా మడిచి డిక్కీలోకి వెళ్ళిపోతుంది. బాగుంటే ఇరవై సెకన్లలో పని అయిపోవాలి. మీరు వెళ్ళినప్పుడు ఒకసారి కాదు, వరసగా నాలుగైదు సార్లు తెరిచి మూయించండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడూ, తిప్పి వచ్చాకా. మధ్యలో ఆగినా, ఒకవైపు ముందు ఒకవైపు వెనక కదిలినా, వైరింగో మోటారో సెన్సరో, ఏదైనా జేబుకి చిల్లే. డిక్కీలో ఒక అడ్డుతెర ఉంటుంది, అది సరిగ్గా తగిలించకపోతే రూఫ్ కదలదు, దాన్ని చూసి కంగారు పడకండి. అద్దాల మీదుగా పోయే రబ్బరు సీళ్ళని వేలితో నొక్కండి. మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి రావాలి, పెచ్చులు లేస్తే వానాకాలం మీ ఒళ్ళోనే. ఇక్కడికి తెచ్చాక బయట పెట్టి కవరు కప్పడం వద్దు, మన ఉప్పు గాలికి చెమ్మ కవరు లోపలే మగ్గుతుంది. గాలి ఆడే షెడ్డు ఉంటేనే కొనండి.

పెట్రోల్ విషయానికొస్తే, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్‌ది. ఆక్టేన్ పెరిగింది నిజమే, కానీ ఈ బండి రబ్బరు పైపులు అంత ఇథనాల్‌ని లెక్కలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ తేమని పీలుస్తుంది. వారానికోసారి తిప్పే బండికి ట్యాంకు నిండా కొట్టించి నెల్లాళ్ళు వదిలేయకండి, ఎంత తిరుగుతారో అంతే కొట్టించండి.

అన్నిటికంటే ముందు చేయాల్సిన ఫోన్ హైదరాబాద్‌కి కాదు, వైజాగ్‌కి. ఈ మోడల్‌కి పని చేస్తారా, లోపాలు చదివే స్కానర్ ఉందా, ఫ్యూయల్ పంపు రేటెంత, ఎన్నాళ్ళలో వస్తుంది అని ఒక వర్క్‌షాప్‌ని అడగండి. బండి ఆగిపోతే తగరపువలస నుంచి ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించుకెళ్ళడానికి ఎంతవుతుందో కూడా. ఈ బండికి కంపెనీ నుంచి వచ్చినవి రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి), స్టెపినీ ఉండదు. టైరు పక్కన నాలుగంకెల తారీఖు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. పాతవైతే నాలుగు టైర్ల ఖరీదు బేరంలోంచి కోసేయండి. బండిని కళ్ళారా చూశాక ఈ ఫోన్లేవీ చేయరు మీరు. రూఫ్ తెరుచుకుంటుంటే పక్కన నిలబడి లెక్కలు వేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

సిక్కోలు_హైవే:
దానికే ఒక చిట్కా, మీతో కార్లంటే ఇష్టం లేని మనిషిని ఒకర్ని తీసుకెళ్ళండి. మీ బావమరిది లాంటివాణ్ణి. ఇన్స్‌పెక్షన్ కూడా అమ్మేవాడు చెప్పిన చోట వద్దు, వేరే చోట డబ్బులిచ్చి లిఫ్ట్ మీద ఎక్కించి స్కాన్ చేయించండి. ఒప్పుకోకపోతే అక్కడినుంచే స్టేషన్‌కి వచ్చేయండి.

కోటగుమ్మం35:
ఫోన్ చేశాను. సర్వీస్ ఫైలు అడిగితే మొదటి ఓనర్ దగ్గర ఉండిపోయిందట, ఆయన ఇప్పుడు దేశంలో లేడట. పాలసీ కాపీ మాత్రం పంపాడు, అందులో బోనస్ 20 శాతం ఉంది. అంటే ఏడాదే కదా క్లెయిమ్ లేనిది? దేనికి చేశారని అడిగితే బంపర్ అన్నాడు, ఏ బంపర్ అంటే సాయంత్రం చెప్తానన్నాడు. బెంగళూరులో ఒక 2013ది ఉంది, మూడు లక్షలు ఎక్కువ, అతను మాత్రం అడగకుండానే బిల్లులన్నీ పెట్టాడు, అందులో ఫ్యూయల్ పంపు, వాటర్ పంపు రెండూ ఉన్నాయి. రేపు వైజాగ్ వర్క్‌షాప్‌కి ఫోన్ చేస్తాను.

పాతపిస్టన్:
బెంగళూరు బిల్లులు ఇక్కడ పెట్టండి, పేరు, ఫోన్ నంబర్, బండి నంబర్ చెరిపేసి. తారీఖులూ కిలోమీటర్లూ కలుస్తున్నాయో లేదో చూద్దాం.