‘క్యాచ్ ఆడదామా నాన్నా’ అంటే సరిపోతుందా?

మాది న్యూజెర్సీ. మా తొమ్మిదేళ్లవాడికి బేస్‌బాల్ పిచ్చి. ఈమధ్య కొత్త గ్లవ్ కొన్నాం. తోలు మెత్తబడాలని దానికి నూనె రాసి, లోపల బంతి పెట్టి, తాడుతో బిగించి, పరుపు కింద పెట్టుకుని పడుకుంటాడు. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ ‘తోలు వస్తువు మంచం మీదేమిట్రా’ అని రోజూ గొడవ.

శనివారం ముగ్గురం కూర్చుని 1989లో వచ్చిన ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ చూశాం. అమ్మకి నేను పక్కనుంచి తెలుగులో చెబుతున్నాను. అయోవాలో ఒక రైతు తన మొక్కజొన్న చేలో కొంత దున్నేసి బేస్‌బాల్ మైదానం చేస్తాడు, ఎప్పుడో పోయిన ఆటగాళ్లు వచ్చి ఆడుతుంటారు. అక్కడిదాకా అమ్మకి ఏ ఇబ్బందీ లేదు. పితృదేవతలు రావడం మనకేం కొత్త! చిక్కంతా చివర్లో వచ్చింది. చనిపోయిన తండ్రి పడుచు వయసులో కనబడతాడు. కొడుకు గొంతు పూడుకుపోతుండగా ‘హే డాడ్, వాన్నా హావ్ ఎ క్యాచ్?’ అంటాడు. నేను గబుక్కున ‘క్యాచ్ ఆడదామా నాన్నా’ అనేశాను. అమ్మ అంతే గబుక్కున ‘ఎవరు అవుటవుతారే?’ అంది.

తప్పు ఆవిడది కాదు. క్రికెట్ చూసే ఇంట్లో క్యాచ్ అంటే ఒకడి వికెట్ పడ్డట్టే. ఇక్కడ బ్యాటు లేదు, పరుగు లేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు విసిరితే ఒకరు పట్టుకోవడం, మళ్లీ విసరడం. ఎంతసేపైనా అంతే. పైగా అమెరికాలో చాలాచోట్ల దీన్ని ‘ప్లే క్యాచ్’ అంటారు. ‘హావ్ ఎ క్యాచ్’ మా వైపు మాట: న్యూయార్క్, న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా. సినిమాలో కొడుకు బ్రూక్లిన్‌లో పెరిగినవాడు. దాన్ని రాసి తీసిన ఫిల్ ఆల్డెన్ రాబిన్సన్‌దీ న్యూయార్క్ రాష్ట్రమే. మీరైతే తెలుగులో ఏమంటారు?

వ్యాఖ్య: మా వరంగల్‌ల ‘క్యాచ్ క్యాచ్’ అనేటోళ్లం. ఒక్కసారంటే అవుట్, రెండుసార్లంటే ఆట. మీ అమ్మగారికి అట్ల చెప్పుంటే తెలిసేది.

వ్యాఖ్య: అచ్చతెలుగు కావాలంటే చెండు ఉంది. చెండు అంటే బంతే. కానీ జాగ్రత్త, ‘నాన్నా, చెండాడదామా’ అన్నారంటే ఆ తండ్రి తిరిగి మొక్కజొన్న చేలోకి పారిపోతాడు! చెండాడు అంటే మొదట బంతాట ఆడటమే. శత్రువుల తలలు బంతుల్లా ఎగరగొట్టే పద్యాలు చదివి చదివి మనం ఆ మాటని యుద్ధానికి ఇచ్చేశాం. నిఘంటువుల్లో రెండర్థాలూ ఉన్నాయి, నోళ్లలో ఒకటే మిగిలింది.

వ్యాఖ్య: పెళ్లిళ్లలో మిగిలింది కదండీ. మా రోజుల్లో పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్య పూలచెండ్లాట ఆడించేవారు. అటు విసరడం, ఇటు పట్టుకోవడం. గెలుపూ లేదు, ఓటమీ లేదు. చుట్టూ చేరినవాళ్లు నవ్వడం మాత్రం ఉంది. మీ హావ్ ఎ క్యాచ్ అదే.

వ్యాఖ్య: మీరంతా నామవాచకం వెతుకుతున్నారు. పని జరిగేది క్రియలో. ‘ఆడదామా’ వేరు, ‘ఆడుకుందామా’ వేరు. ‘-కొను’ చేరిస్తే ఎవరి కోసమో కాక మన కోసం చేసుకునే పని అవుతుంది: వండాను, వండుకున్నాను. ఇద్దరి మధ్య జరిగేది కూడా అవుతుంది: మాట్లాడుకున్నారు, తిట్టుకున్నారు. ఈ దృశ్యానికి రెండూ కావాలి. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన పోటీల పేరు చూడండి, ‘ఆడుదాం ఆంధ్రా’. అక్కడ ‘ఆడుకుందాం’ అంటే కప్పు ఎవరికిస్తారు?

ఆ కథలో మరో సంగతి కూడా ఉంది. పదేళ్లు వచ్చేసరికి ఆ కుర్రాడికి బేస్‌బాల్ అంటే బలవంతంగా కూరగాయలు తిన్నట్టు, ఇంట్లో చెత్త పారబోసినట్టు అయిపోతుంది. పద్నాలుగో ఏట తండ్రితో ఆడనని మొండికేస్తాడు. అంటే అప్పుడు తండ్రి నోట వచ్చే మాట ‘ఆడరా’. ఇన్నేళ్ల తర్వాత కొడుకు నోట ‘ఆడుకుందామా’. నేనైతే బంతి, క్యాచ్ రెండూ వదిలేసి ‘కాసేపు ఆడుకుందామా నాన్నా’ అని ఊరుకుంటాను. చేతిలో బంతి కనబడుతూనే ఉంది.

వ్యాఖ్య: మరి ‘వాణ్ణి ఒక ఆట ఆడుకున్నాడు’ మాటేమిటి సార్? మీ -కొను అక్కడ చెండాడుతోంది!

జవాబు: పట్టేశారు. కానీ అక్కడ ‘వాణ్ణి’ ఉంది. ద్వితీయా విభక్తి తగలగానే మనిషే బంతైపోతాడు. ఇక్కడ నాన్నని కాదు, నాన్నతో.

వ్యాఖ్య: మొదట తీసినప్పుడు ఆ వాక్యంలో ‘డాడ్’ లేదు. విడుదలకు ముందు చూసినవాళ్లకి వెలితిగా ఉందని, తర్వాత డబ్బింగులో కలిపారు. తెలుగులో అయితే ఇంకో తంటా: తండ్రి కొడుకుకన్నా చిన్నవాడిగా ఉన్నాడు. ‘రా’ అనాలా, ‘రండి’ అనాలా? 1993లో వచ్చిన ‘ది శాండ్‌లాట్’లో మారుతండ్రి దగ్గర బంతి పట్టడం నేర్చుకోబోయి కుర్రాడి కన్ను వాచిపోతుంది. అక్కడ అనుమానం లేకుండా ‘మీరు’ వేస్తాను. ఇక్కడ చెయ్యాడదు.

పోస్టు పెట్టినావిడ: అందుకే ‘ఆడుకుందామా నాన్నా’ నాకు నచ్చింది, నువ్వూ మీరూ తగలకుండా దాటేయొచ్చు. ఈ సాయంత్రం అమ్మకి ఆ చివరి దృశ్యం మళ్లీ వేసి అలాగే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘కాసేపు అనకూడదే, ఆయన మళ్లీ వెళ్లిపోతాడుగా’ అంది. కాబట్టి మాస్టారూ, ‘కాసేపు’ కొట్టేస్తున్నాను. మావాడు మాత్రం పక్కనే నిలబడి, సినిమా అయిపోయింది కదా, ఇప్పుడైనా బయటికొస్తావా అని గ్లవ్ నా ఒళ్లో పడేశాడు. నూనె మరక చీరకి అంటింది. ఇంకా వదల్లేదు.