చెవి కారేవాళ్లకు బోన్ కండక్షన్ ఇంప్లాంట్: బయటికి వచ్చే స్క్రూనా, చర్మం కింద అయస్కాంతమా?

వానచినుకు:
మా అమ్మకి రెండు చెవులూ ఏళ్ల తరబడి కారుతున్నాయి. మామూలు మెషీన్ పెడితే గాలి ఆడక మళ్లీ చీము పడుతుంది. డాక్టరుగారు బోన్ కండక్షన్ ఇంప్లాంట్ (చెవి రంధ్రం మూయకుండా, శబ్దాన్ని తల ఎముక ద్వారా లోపలి చెవికి పంపేది) అన్నారు, ఏ రకమో మమ్మల్నే తేల్చుకోమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

తెల్లకాగితం:
అయస్కాంతమే పెట్టించండి. ఎముకలో బిగించే స్క్రూ అయితే చర్మంలోంచి బయటికి ఉంటుంది, దాని చుట్టూ చర్మం ఎర్రబడుతుంది, రోజూ శుభ్రం చేసుకోవాలి. పెద్దావిడకి ఎందుకా బాధ?

ఉదయరాగం:
తెల్లకాగితం గారూ, అయస్కాంతం అంటే ఒకటే రకం కాదండీ. ఒకదాంట్లో కంపించే భాగం బయటే ఉంటుంది, అయస్కాంతం దాన్ని తలకి పట్టి ఉంచుతుందంతే. కంపనం చర్మం దాటి ఎముకకి చేరాలి కాబట్టి స, శ లాంటి సన్నని శబ్దాలు దారిలోనే తగ్గిపోతాయి, పైగా గట్టిగా పట్టేస్తే అక్కడ చర్మం కమిలిపోతుంది కూడా. బోన్‌బ్రిడ్జ్, ఓసియా లాంటివాటిలో కంపించే భాగమే ఎముకకి బిగిస్తారు, వాటికి ఆ నష్టం లేదు.

నేను స్క్రూ వాడుతున్నాను, 1977 నుంచి ఉన్న పద్ధతి ఇది. శుభ్రం చేసుకోవాల్సిన మాట నిజమే, రెండుసార్లు ఇన్‌ఫెక్షన్ కూడా వచ్చింది. అయినా దీన్నే సమర్థిస్తాను, ఎందుకంటే వయసుతో పాటు లోపలి చెవి కూడా బలహీనపడుతుంది. చర్మం కింద కంపించే రకాలు బోన్ కండక్షన్ రీడింగ్ (లోపలి చెవి ఎంత వింటోందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు) సుమారు 45 నుంచి 55 డెసిబెల్స్ వరకే పనికొస్తాయి. స్క్రూ ఉంటే రేపు వినికిడి ఇంకా తగ్గినా మళ్లీ ఆపరేషన్ లేకుండా 65 దాకా పనిచేసే పవర్ ప్రాసెసర్ (శబ్దాన్ని కంపనంగా మార్చే బయటి మెషీన్‌లో ఎక్కువ శక్తి ఉన్నది) తగిలించుకోవచ్చు. తలకి ఎంఆర్‌ఐ తీయాల్సివస్తే లోపలి అయస్కాంతం నీడ ఫొటోలో పడుతుంది, ఆ సంగతీ అడగండి.

తెల్లకాగితం:
ఎంఆర్‌ఐ సంగతి ఒప్పుకుంటాను. కానీ చేతులు వణికేవాళ్లు, షుగర్ వల్ల పుండు త్వరగా మానని వాళ్లు స్క్రూ చుట్టూ ఎలా చూసుకుంటారు? వాళ్లకి నేను ఇప్పటికీ చర్మం కింద పెట్టేదే చెప్తాను, మీరన్న రెండో రకం.

వానచినుకు:
అమ్మకి షుగర్ లేదు. రీడింగ్ 40 ఉంది.

ఉదయరాగం:
40 అంటే ఇప్పటికి రెండూ పనికొస్తాయి, కానీ 45కి దగ్గర్లో ఉన్నారు. పాత ఆడియోగ్రామ్‌లు (వినికిడి పరీక్ష రిపోర్టులు) ఉంటే తీసి, రీడింగ్ ఎంత వేగంగా పెరుగుతోందో చూపించండి. ఆపరేషన్‌కి ముందు తలకి కట్టే సాఫ్ట్‌బ్యాండ్ మీద ప్రాసెసర్ పెట్టి కొన్నాళ్లు ఇంటికి ఇమ్మని అడగండి, నిశ్శబ్దంగా ఉన్న క్లినిక్ గదిలో పది నిమిషాలు విని తేల్చేయొద్దు. బ్యాండ్ మీద శబ్దం కొంచెం మందంగానే ఉంటుంది. అలాగే విన్నా అమ్మగారు నలుగురి మధ్య మాట అందుకుంటున్నారా, అదే గమనించండి.