కన్యాశుల్కం 75 నిమిషాల్లో: ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి?

కోటగుమ్మం (విజయనగరం): సెప్టెంబరు 21న గురజాడ జయంతికి డిగ్రీ పిల్లలతో కన్యాశుల్కం వేయించాలండి. టైము 75 నిమిషాలు. ఎనిమిది మంది అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. కాలరు మైకులు ఆరే ఉన్నాయి. గిరీశం సీన్లు మాత్రం వేసి ఆపేద్దామంటున్నారు కొందరు. సరిపోతుందా? అనుమతులేమైనా కావాలా?

తెరతాడు: ముందు మీ చేతిలో ఉన్న ప్రతి ఏదో చూసుకోండి. 1892లో ఇక్కడే జగన్నాథ విలాసినీ సభ వాళ్లు ఆడింది, 1897లో అచ్చయిందీ మొదటి కూర్పు, అయిదంకాలు. అందరూ ఎరిగినది 1909 నాటి ఏడంకాల నాటకం. రెండూ కలిపి కోస్తే అతుకు కుదరదు. గురజాడ పోయింది 1915లో, కనక మూలానికి హక్కుల గొడవ లేదు. ఇంకొకరు కుదించిన స్క్రిప్టు వాడితే మాత్రం వాళ్లని అడగాల్సిందే.

గిరీశంతో ఆపేస్తే కాలేజీ స్కిట్టు అవుతుంది, కన్యాశుల్కం అవదు. ఆడవేషం కట్టిన కుర్రాణ్ణి ముసలి లుబ్ధావధాన్లుకి అంటగట్టే మాయపెళ్లి ఉండాలి. మొదటి సీను బొంకులదిబ్బ 8 నిమిషాలు, వేశ్య మధురవాణి ఇంట్లో రామప్పపంతులు, గిరీశం మంచం కింద దాక్కునే సీను 12, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో రగడ 15, కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం కట్టించి రామప్పపంతుల్ని బుట్టలో వేసేది 20, విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు ఇల్లు 12. మిగిలిన 8 నిమిషాలు సీన్లు మార్చడానికి. బైరాగి, సారా దుకాణం మొత్తం తీసెయ్యండి. పెళ్లి తంతు రెండు మాటల్లో చెప్పించండి.

డైలాగు డైలాగుకీ కత్తెర వెయ్యొద్దు. మధురవాణి, రామప్పల సంవాదంలో ఒక మాట పోతే దాని జవాబు గాల్లో వేలాడుతుంది. కోస్తే ఘట్టం మొత్తం కొయ్యండి. కూర్చుని చదివితే 55 నిమిషాలు దాటకూడదు. పైది నడకలకీ నవ్వులకీ పోతుంది.

మేకప్‌గది: తెరతాడు గారి లెక్కలో అగ్నిహోత్రావధాన్లు వితంతు కూతురు బుచ్చమ్మ ఏదండీ? ఆమెని గిరీశం లేవదీసుకుపోయింది చూపించకపోతే ఆఖరి సీనులో అతగాడి పరువు పోయిందంటే ఎవరికెక్కుతుంది? శిష్యుడి సీన్లో 5 నిమిషాలు తగ్గించి ఆమెకివ్వండి.

పూటకూళ్లమ్మ, అగ్నిహోత్రావధాన్లు పెళ్లాం వెంకమ్మ వేషాలు ఒకమ్మాయే వెయ్యొచ్చు. కాకపోతే వరస సీన్లు కదా, చీర మార్చే వ్యవధి ఉండదు. నడుం దగ్గర కుట్టేసిన చీర పెట్టుకోండి. శిష్యుడికీ అదే.

మంచం సంగతి ఇప్పుడే చూసుకోవాలి. మామూలు నులకమంచం కిందకి ఇద్దరు దూరితే ముందు వరసకి తప్ప ఎవరికీ కనపడరు. కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి రెండడుగులు లేపండి. దుప్పటి ముందుకి వేలాడకూడదు. మంచం కింద వాళ్లని కొట్టడానికి పూటకూళ్లమ్మ చేతికి ఈనెల చీపురు అసలొద్దు, చీకట్లో కంట్లో గుచ్చుకుంటుంది. పూల చీపురు చాలు, దెబ్బ చప్పుడు పక్కనుంచి ఎవరైనా చెయ్యొచ్చు.

గంటస్తంభం: కాలరు మైకులు వదిలెయ్యండి. ఉత్తరీయం రాసుకుని గరగరమంటాయి, మధురవాణి నగలు అంతకన్నా ఘోరం. పైగా ఆరు మైకులు పన్నెండు మందికి మార్చడంలోనే ఎంట్రీలు తప్పుతాయి. స్టేజి అంచున స్పాంజి మీద మూడు మైకులు పెట్టి, ఫ్యాన్లు ఆపించండి.

యాస మాటకొస్తే, సినిమా కామెడీ శ్రీకాకుళం యాస అందరి నోటా పెట్టొద్దు. అగ్రహారం వాళ్ల పలుకు వేరు, నౌకరు అసిరిగాడి పలుకు వేరు, ఆ తేడా పుస్తకంలోనే ఉంది. గిరీశం ఇంగ్లీషు నవ్వించడానికన్నట్టు పలికితే తేలిపోతుంది. దర్జాగా, తడుముకోకుండా అనాలి.

కోటగుమ్మం: బుచ్చమ్మ ఉంటుంది. మంచం కొలతలు రేపే తీయిస్తాం. పిలక విగ్గులు చెమటకి ఊడకుండా ఏం చెయ్యాలి?

మేకప్‌గది: నుదురు స్పిరిట్‌తో తుడిచి ఆరాక గమ్ము రాయండి. జిగటగా అయ్యేదాకా ఆగి, అప్పుడు అంటించాలి. తడి మీద అంటిస్తే మొదటి లైటుకే జారుతుంది.