వర్డ్‌లో రెడ్ గీతలు దాచి పంపినా అవతలోళ్ళకి కనపడినయి, పూర్తిగా పోవాలంటే ఎట్ట?

అన్నలకి నమస్కారం. కావలి దగ్గర చిన్న డీటీపీ షాపు నాది, రొయ్యల గుంటల లీజు అగ్రిమెంట్లు ఎక్కువ టైప్ చేస్తుంటా. పోయిన వారం ఒక రైతుకి అగ్రిమెంట్ చేశా, మొదట ఎకరాకి 50 వేలు అని రాపించాడు, తర్వాత వాళ్ళ లాయర్ గారు ట్రాక్ ఛేంజెస్‌లో (వర్డ్‌లో ఎవరు ఏది మార్చారో గీతలతో గుర్తు పెట్టేది) దాన్ని కొట్టేసి 42 వేలు చేసి పంపారు. నేను రివ్యూలో నో మార్కప్ పెట్టా, స్క్రీన్ మీద అంతా శుభ్రంగా ఉండాది, సేవ్ చేసి ఆ ఫైలే గుంట ఓనర్‌కి మెయిల్ చేశా. ఆయన లాప్‌టాప్‌లో తెరిస్తే 50 మీద గీత, పక్కన 42, అంతా కనపడింది. ఇప్పుడు 50కి తగ్గను అంటుండాడు. ఆ రైతు మొహం చూడలేకపోతున్నా. ఇంకోసారి ఇట్టా జరగకూడదు, ఏం చెయ్యాలో చెప్పండి.

ఒంగోలు టైపింగ్
తమ్ముడూ, నో మార్కప్ అంటే చూపించొద్దు అని మాత్రమే, తీసెయ్యమని కాదు. మార్పులన్నీ ఫైల్లోనే ఉంటాయి, వేరే సిస్టంలో తెరిస్తే బయటికొస్తాయి. ట్రాక్ ఛేంజెస్ బటన్ ఆఫ్ చేసినా అంతే, అప్పట్నుంచి కొత్తవి రికార్డ్ కావు గానీ పాతవి ఎక్కడికీ పోవు. పోవాలంటే యాక్సెప్ట్ అన్నా కొట్టాలి, రిజెక్ట్ అన్నా కొట్టాలి. రివ్యూలో యాక్సెప్ట్ కింద బాణం నొక్కితే యాక్సెప్ట్ ఆల్ ఛేంజెస్ అండ్ స్టాప్ ట్రాకింగ్ అని ఉంటది, అది కొట్టు. కామెంట్లు దీంతో పోవు, వాటిని డిలీట్ ఆల్ కామెంట్స్‌తో విడిగా తియ్యాలి. ముందు మాత్రం ఫైల్ కాపీ తీసి పెట్టుకో, లాయర్ గారి గీతలున్న ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు, రేపు ఎవరు ఏది మార్చారని అడిగితే అదే ఆధారం.

కందుకూరు నుంచి
పై అన్న చెప్పింది కరెక్ట్, కానీ చదవకుండా ఆల్ యాక్సెప్ట్ కొట్టమాకండి, లీజు కాగితంలో ఒక్క అంకె తప్పుపోయినా రైతు మునుగుతాడు. ముందు ఆల్ మార్కప్ పెట్టి మొత్తం చూడాలి. సింపుల్ మార్కప్‌లో పక్కన ఎర్ర గీత ఒక్కటే కనపడతది, ఏం మారిందో తెలీదు. మన తెలుగు ఫైళ్ళకి ఇంకో బాధ, ఒకరి సిస్టంలో గౌతమి ఫాంటు ఇంకొకరు మారిస్తే ఫార్మాటెడ్ అని పక్కనంతా డబ్బాలే నిండిపోయి అసలు మార్పు కనపడదు, షో మార్కప్‌లో ఫార్మాటింగ్ టిక్ తీసేస్తే మాటల మార్పులే మిగుల్తాయి. అక్కడే స్పెసిఫిక్ పీపుల్‌లో లాయర్ గారి పేరు ఒక్కటే ఉంచి చూసుకోవచ్చు. అప్పుడు యాక్సెప్ట్ ఆల్ ఛేంజెస్ షోన్ కొడితే కనపడేవి మాత్రమే ఒప్పుకుంటది, దాచినవి అట్టాగే ఉండిపోతాయి, అందుకని చివర్లో టిక్‌లన్నీ మళ్ళీ పెట్టి చూసుకోండి.

నెల్లూరు ఆఫీస్ పని
పంపేముందు ఫైల్, ఇన్ఫో, చెక్ ఫర్ ఇష్యూస్, ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడపండి, కామెంట్లు గానీ మార్పులు గానీ మిగిలుంటే చెప్తది. ట్రస్ట్ సెంటర్ ప్రైవసీ ఆప్షన్స్‌లో మార్పులున్న ఫైల్ ప్రింట్ చేసినా సేవ్ చేసినా హెచ్చరించే టిక్ ఒకటుండాది, మీ షాపు సిస్టంలో ఈరోజే పెట్టండి. అవతలోళ్ళు దిద్దే పని లేకపోతే పీడీఎఫ్ పంపండి, దాంట్లో కూడా సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ షోయింగ్ మార్కప్ మీద ఉంటే గీతలతో సహా వెళ్ళిపోతది, డాక్యుమెంట్ అని మార్చాలి. స్టాంప్ పేపర్ మీద ప్రింట్ కొట్టేటప్పుడు సెట్టింగ్స్‌లో ప్రింట్ మార్కప్ టిక్ తీసేసి ఉండాదో లేదో చూసుకోవాల.

అడిగినోడు
అన్నా కాపీ మీద చేశా. గీతలు పోయినయి, ఇన్‌స్పెక్ట్ చేస్తే మూడో పేజీలో ఒక కామెంట్ మిగిలుండాది, "50 దాకా పోవచ్చు" అని లాయర్ గారు రాసింది. అదీ తీసేశా. రేపు ఆ రైతుని తీసుకుని ఓనర్ దగ్గరికి పోతుండా, తప్పు నాదేనని నేనే చెప్తా.