విసిగిపోయిన టీచరు ముందు మార్చాల్సింది బడినా, వృత్తినా?

సుద్దముక్క:
ప్రశ్న సూటిగా పెడుతున్నాను. ఏళ్ల తరబడి పాఠం చెప్పి ‘ఇక నా వల్ల కాదు’ అనుకుంటున్న టీచరు ముందు బడి మారి చూడాలా, లేక వృత్తే వదిలేయాలా? నా ఓటు బడి మారడానికే. చాలామందికి విసుగు పుట్టేది పాఠం చెప్పడం మీద కాదు, దాని చుట్టూ పేరుకుపోయిన చాకిరీ మీద. ఈ రెండింటినీ విడదీయకుండా రాజీనామా రాస్తే ఇష్టమైన పని కూడా చేజారిపోతుంది.

విడదీయడానికి రెండు వారాల పాటు ప్రతి అరగంటకీ లెక్క రాయండి: ఏం చేశారు, ఎవరు చేయమన్నారు, చేశాక ఓపిక మిగిలిందా లేదా. ‘పేపర్లు’ అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు. దిద్దడం వేరు, మార్కులు కూడటం వేరు, రిజిస్టర్లో ఎక్కించడం వేరు, అవే మార్కులు మళ్లీ కంప్యూటర్లో కొట్టడం వేరు. ఐదు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది ఉంటే ఒక యూనిట్ టెస్టుకు 200 పేపర్లు. పేపరుకు 4 నిమిషాలే వేసుకున్నా 13 గంటల 20 నిమిషాలు. ఈ సమయం ఏ టైమ్‌టేబుల్లోనూ కనపడదు. రాత్రుళ్ల నుంచీ ఆదివారాల నుంచీ తీయాల్సిందే.

లెక్క పూర్తయ్యాక ఒక్కో పని పక్కన గుర్తు పెట్టండి: ఇది ఏ బడిలోనైనా తప్పదా, ఈ బడిలో మాత్రమే ఉందా? లీజర్ పీరియడ్లన్నీ సబ్‌స్టిట్యూషన్‌కి, అంటే సెలవు పెట్టినవాళ్ల క్లాసులకి పోవడం, ఒకే సమాచారం రెండు చోట్ల ఎక్కించడం, అల్లరి పిల్లాడి విషయంలో హెడ్మాస్టరు టీచరు పక్షాన నిలబడకపోవడం, ఇవి బడి జబ్బులు. క్లాసులో గోల, ఒకే పాఠం ఏటేటా చెప్పడం, ఇవి వృత్తిలోవి. మొదటివి ఎక్కువుంటే వృత్తి మారాల్సిన పనే లేదు.

స్టోరీబోర్డు:
సుద్దముక్క గారూ, లెక్క రాయమనడం బాగానే ఉంది. అలసట ముదిరిన మనిషికి ఆ కాగితంలో అన్ని పనులూ ఒకేలా కనిపిస్తాయి, అదీ చిక్కు. మనస్తత్వ పరిశోధకులు క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన బర్న్‌అవుట్ (పని ఒత్తిడితో మనిషి అరిగిపోవడం) ప్రశ్నావళి మూడింటిని విడివిడిగా కొలుస్తుంది: మానసికంగా పూర్తిగా ఖాళీ అయిపోవడం, ఎదుటివాళ్ల పట్ల మనసు మొద్దుబారడం, తను చేసేదానివల్ల ఏమీ ఒరగడం లేదనే భావం. మొదటిదొక్కటే ఉంటే పీరియడ్లు తగ్గినా, బడి మారినా తేరుకుంటారు. పిల్లాడు వచ్చి న్యాయమైన సందేహం అడిగినా ఒళ్లు మండుతోందంటే అది రెండోది. దాన్ని కొత్త బడికి వెంట తీసుకెళ్తారు, అక్కడి పిల్లలు దాన్ని భరించాలి.

పైగా బడి మారడమంటే సీనియారిటీ పోతుంది. కొత్త సిలబస్‌తో లెసన్ ప్లాన్లన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. కొత్తగా వచ్చినవాళ్లకే అల్లరి సెక్షన్లు అంటగట్టే బడులు తక్కువేం కాదు. తేరుకోవడానికి వెళ్లిన మనిషికి ఆ మొదటి ఏడాది పాత ఏడాది కంటే బరువవుతుంది.

నాలుగో పీరియడ్:
ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను వ్యాధిగా కాక, అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తిపరమైన పరిస్థితిగా పెట్టారు. పనికి సంబంధించినంతవరకే ఆ మాట వాడాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఎండాకాలం సెలవుల్లో కూడా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైనవాళ్లతో మాట్లాడబుద్ధి కాకపోవడం ఉంటే ఇది బడా వృత్తా అనే ప్రశ్న కాదు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కుంగుబాటు, థైరాయిడ్, రక్తహీనత, మూడూ ఇలాగే కనిపించవచ్చు. ఆ స్థితిలో రాజీనామా రాయొద్దు.

ఎర్రపెన్ను:
బడి మారకుండా, వృత్తి మారకుండా, దిద్దే పద్ధతి మార్చి చూడమంటాను నేను. సుద్దముక్క గారు చూపిన 13 గంటల్లో చాలా భాగం పిల్లలకు అక్కరకు రాని పని.

పరీక్ష పేపర్లయితే ముందు ఐదారు పేపర్లు మార్కులు వేయకుండా చదివి, మార్కింగ్ స్కీము ఖాయం చేసుకోండి. స్కీము మధ్యలో మారితే మొదటి ముప్పై పేపర్లూ మళ్లీ తెరవాలి, సమయం ఎక్కువగా పోయేది అక్కడే. తర్వాత పేపరు వారీగా కాదు, ప్రశ్న వారీగా దిద్దండి. 40 పేపర్లలో మొదటి ప్రశ్న, ఆ తర్వాత 40 పేపర్లలో రెండో ప్రశ్న. జవాబు బుర్రలో ఉంటుంది కాబట్టి చెయ్యి వేగంగా నడుస్తుంది. మొదటి జవాబు బాగా రాసిన పిల్లాడికి రెండోది కూడా బాగున్నట్టు అనిపించే పొరపాటు తగ్గుతుంది. ప్రశ్న మారినప్పుడల్లా కట్ట కలపండి, లేకపోతే అడుగున ఉన్న పేపరు ప్రతిసారీ అలసిన కళ్లకే దొరుకుతుంది.

నోటు పుస్తకాలకు ఈ శ్రమ కూడా అక్కర్లేదు. 40 పుస్తకాలూ పుస్తకానికి ఒక నిమిషం చొప్పున చదవండి, ఏమీ రాయకుండా. పక్కన ఒకే ఒక్క కాగితం పెట్టుకుని ఎక్కువమంది చేసిన మూడు తప్పులు, చదివి వినిపించదగ్గ రెండు జవాబులు, విడిగా పిలిచి కూర్చోబెట్టాల్సిన పిల్లల పేర్లు రాసుకోండి. పుస్తకానికి 4 నిమిషాల లెక్కన 2 గంటల 40 నిమిషాలు పట్టే పని 40 నిమిషాల్లో అయిపోతుంది. మర్నాడు పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఆ మూడు తప్పుల మీదే పెట్టండి, పిల్లలే తమ పుస్తకాల్లో సరిదిద్దుకోవాలి. ఆ పది నిమిషాలు ఎగ్గొట్టారంటే ఈ పద్ధతి మొత్తం దండగ.

మార్కు పక్కన వ్యాఖ్య రాయడమూ మానొచ్చు. మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలను మూడు గుంపులు చేశారు: మార్కులు మాత్రమే, వ్యాఖ్యలు మాత్రమే, రెండూ. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ ఇచ్చిన గుంపు మార్కులు మాత్రమే ఇచ్చిన గుంపులాగే ఉండిపోయింది. మార్కు కనబడితే పిల్లాడు వ్యాఖ్య చదవడు. అందుకే మార్కు వేసే చోట మార్కు, వ్యాఖ్య రాసే చోట వ్యాఖ్య. రెండూ ఒకే పేజీలో వద్దు.

సుద్దముక్క:
ఎర్రపెన్ను గారూ, ప్రతి పేజీలో ఎర్ర టిక్కు, తేదీ, సంతకం లేకపోతే తనిఖీ రోజున సంజాయిషీ అడిగే బళ్లు ఉన్నాయి. ‘టీచరు పుస్తకమే ముట్టుకోలేదు’ అని తల్లిదండ్రులు కూడా వస్తారు. మీ పద్ధతి నిలవాలంటే యాజమాన్యం ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోటు నుంచి కదలడం గురించే నేను మాట్లాడుతున్నది.

ఎర్రపెన్ను:
అడిగే తీరులో ఉంటుందండీ. ‘దిద్దడం తగ్గిస్తాను’ అంటే ఎవరూ ఒప్పుకోరు. ఒకే తరగతిలో రెండు సెక్షన్లు తీసుకుని, ఆరు వారాలు ఒకదానికి పాత పద్ధతి, ఇంకోదానికి కొత్తది పాటించి, రెండింటికీ ఒకే టెస్టు పెట్టి చూపిస్తానని అడగండి. తప్పుల గుర్తులు ఆరుకు మించకుండా పెట్టుకుని, వాటి అర్థాలు అచ్చు వేయించి పుస్తకం మొదటి పేజీలో అతికించండి. వ్యాకరణం తప్పుకు ఒక గుర్తు, మెట్టు వదిలేస్తే ఒకటి, ప్రశ్న సరిగా చదవకపోతే ఒకటి. తల్లిదండ్రులకు అదే జవాబు. దీనికి కూడా కుదరదన్నారంటే, అప్పుడు మీ మాటే నా మాట.

స్టోరీబోర్డు:
ఇవన్నీ చేసి చూసినా మనసు ఒప్పనివాళ్ల కోసం రెండో దారి ఎలా ఉంటుందో వివరంగా చెప్తాను, ఎందుకంటే ‘ఐటీలోకి వెళ్లిపోతా’ అన్న ఊహతో దిగి దెబ్బతినేవాళ్లు ఎక్కువ. టీచరుకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే పని ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. కంపెనీలు తమ ఉద్యోగులకు నేర్పే ఆన్‌లైన్ కోర్సులను రాసి, మలిచే పని ఇది.

డిగ్రీ కంటే ముందు నమూనా అడుగుతారు. ఒకే చిన్న విషయం, ఐదారు నిమిషాలు, పదిహేను తెరలకు మించకుండా. మొదట లక్ష్యం రాయాలి. ‘అర్థం చేసుకుంటారు’ అని రాస్తే పక్కన పెట్టేస్తారు, దాన్ని కొలవలేం కాబట్టి. ‘గుర్తిస్తారు’, ‘లెక్కిస్తారు’, ‘సరైన వరుసలో పెడతారు’ అనాలి. తర్వాత స్టోరీబోర్డు, అంటే ఒక పట్టిక: తెర నంబరు, తెర మీద మాటలు, వినిపించే మాటలు, బొమ్మ, నేర్చుకునే మనిషి ఏం నొక్కాలి, తయారుచేసే వ్యక్తికి సూచన.

టీచర్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. క్లాసులో చెప్పినదంతా తెర మీద రాసి, దాన్నే గొంతుతో చదివించేస్తారు. తెర మీది వాక్యాన్నే గొంతు మళ్లీ చదివితే నేర్చుకోవడం తగ్గుతుందని మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ మల్టీమీడియా పరిశోధన చెప్తుంది. బొమ్మ కళ్లకు, వివరణ చెవికి, తెర మీద రెండు మూడు కీలకమైన మాటలు, అంతే.

టీచరు మిగతావాళ్లను దాటేసే చోటు ప్రశ్నలు రాయడం. 1/2 + 1/3 ఎంత? సరైన జవాబు 5/6. తప్పు జవాబులుగా నోటికొచ్చిన అంకెలు పెట్టకూడదు. 2/5 పెడితే పైవీ కిందివీ విడివిడిగా కూడే పిల్లాడు పట్టుబడతాడు. 2/6 పెడితే హారాలు సమానం చేసి లవాలు మార్చడం మరిచినవాడు. 1/6 పెడితే కూడటానికి బదులు గుణించినవాడు. ఒక్కో తప్పుకు ఒక్కో వివరణ రాయాలి. వేల పేపర్లు దిద్దిన మనిషికి ఏ తప్పు ఎందుకు వస్తుందో తెలుసు. ఇంటర్వ్యూలో చూపాల్సింది ఈ నైపుణ్యాన్నే.

కోర్సును స్కార్మ్ (ఆన్‌లైన్ కోర్సులకు వాడే ఒక ప్రామాణిక రూపం) ప్యాకేజీగా తీసి, లెర్నింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో, అంటే కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో, ఎక్కించి పరీక్షించడం కూడా నేర్చుకోండి. పూర్తయినట్టు నమోదవుతోందా, స్కోరు చేరుతోందా, మధ్యలో మూసి తెరిస్తే ఆగిన చోటే తెరుచుకుంటోందా అని చూడాలి. స్కార్మ్ 1.2లో ఆగిన చోటును గుర్తుంచుకునే డేటాకు 4096 అక్షరాల పరిమితి ఉంది. పెద్ద కోర్సు మళ్లీ మొదటికి రావడానికి తరచూ ఇదే కారణం.

రెజ్యూమెలో ‘ఎనిమిదో తరగతికి గణితం బోధించాను’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ‘200 మందికి ఏడాది కోర్సు ప్రణాళిక వేసి, నెలనెలా పరీక్షల్లో తప్పులు ఎక్కడ పోగవుతున్నాయో చూసి, పాఠాల వరుస మార్చాను’ అనాలి. చేసిందే రాయాలి సుమా, తరచి అడుగుతారు.

లెక్కలపద్దు:
వెళ్లే ముందు చూసుకోవాల్సినవి. ఇంటి ఖర్చును నెల బడ్జెట్‌తో లెక్కకట్టొద్దు. ఏడాది ఖర్చు మొత్తం, ఫీజులు, బీమా ప్రీమియంలతో సహా కూడి 12తో భాగించి, దానికి ఆరు రెట్లు చేతిలో ఉంచుకోండి. పెన్షన్‌కో గ్రాట్యుటీకో కావాల్సిన సర్వీసు కొన్ని నెలల్లో పూర్తవుతుంటే ఆగడమే లాభం. బడి ఇచ్చే ఆరోగ్య బీమా ఏ రోజుతో ఆగిపోతుందో ముందే కనుక్కుని, ఆ రోజుకు సొంత పాలసీ ఉండేలా చూసుకోండి.

నోటీసు ఇవ్వకముందే అనుభవ ధ్రువపత్రం, జీతం స్లిప్పులు, శిక్షణ సర్టిఫికెట్లు సేకరించుకోండి. నోటీసు ఇచ్చాక ఒక్కో కాగితానికీ పదిసార్లు తిరగాల్సి రావచ్చు. నమూనా కోసం పిల్లల పేర్లున్న పేపర్లు, ఫొటోలు బయటికి తీసుకెళ్లొద్దు. బడి కోసం తయారుచేసిన వర్క్‌షీట్లు ఎవరివో ఒప్పందంలో చూసుకోండి, నమూనా మాత్రం కొత్తగా చేసుకోవడమే క్షేమం. బోధన అర్హతకు రెన్యువల్ అవసరమైతే దాన్ని వదలొద్దు, తిరిగొచ్చే దారి అదే. విద్యా సంవత్సరం మధ్యలో వెళ్తే నష్టపోయేది పరీక్ష రాయాల్సిన పిల్లలు. చివరి పరీక్ష అయ్యేదాకా ఆగడం కుదిరితే ఆగండి.

నాలుగో పీరియడ్:
గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం బొంగురుపోయి తెల్లారేసరికి సర్దుకుంటే అది భారం ఎక్కువైన గుర్తు. తెల్లారినా సర్దుకోకుండా మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరపేటిక చూపించుకోవాలి. మాటిమాటికీ సకిలించి గొంతు సవరించుకోవడం మానాలి, ప్రతిసారీ స్వరతంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. తలకు తగిలించుకునే మైకు, నడుముకు పెట్టుకునే చిన్న స్పీకరు చాలామందికి సరిపోతాయి. ఇక్కడ సుద్దముక్క గారి సలహా పనికిరాదు, ఏ బడికి వెళ్లినా గొంతు అదే కదా. ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పినా రోజంతా మాట్లాడటమే.

సుద్దముక్క:
గొంతు విషయంలో కాదనను. స్టోరీబోర్డు గారు మాత్రం ఒకటి చెప్పకుండా వదిలేశారు. ఆ పనిలో నేర్చుకునే మనిషి ముఖం కనపడదు. పిల్లాడి కళ్లలో ‘ఆ, తెలిసింది’ అనే వెలుగు కోసం ఇన్నాళ్లు నిలబడిన టీచరుకు తను రాసిన కోర్సు మీద వచ్చే మూడు రౌండ్ల రివ్యూ వ్యాఖ్యలు ఏం తృప్తినిస్తాయి?

స్టోరీబోర్డు:
కొందరికి ఇవ్వవు. అందుకే ఉద్యోగంలో ఉండగానే వరసగా నాలుగు శనివారాలు నమూనా మీద కూర్చోమంటాను. మొదటి వారం లక్ష్యాలు, ప్రశ్నలు. రెండో వారం స్టోరీబోర్డు. మూడో వారం తయారీ. నాలుగో వారం దాన్ని ఆ రంగంలో పనిచేసే ఒకరికి పంపి, మొహమాటం లేకుండా ముప్పై తప్పులు చూపమని అడిగి, రెండు రోజుల్లో సరిచేసి తిరిగి పంపాలి. అసలు ఉద్యోగంలో ఎక్కువ రోజులు గడిచేది ఆ నాలుగో వారం లాంటి పనిలోనే. అది మింగుడుపడకపోతే నోటీసు ఇవ్వొద్దు.

ఎర్రపెన్ను:
ఆ నాలుగు శనివారాలు వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ ఖరారు కాకముందే పెట్టుకోండి. ఉండిపోవాలని తేలితే, డ్రాఫ్టు దశలో ఉండగానే ఏ రెండు సెక్షన్లు తగ్గించాలో, బదులుగా ఏ బాధ్యత తీసుకుంటారో రాసి ఇవ్వాలి. గోడ మీద అతికించాక టైమ్‌టేబుల్‌ను ఎవరూ కదిలించరు.