అప్‌డేట్: కోల్డ్‌ప్లే కచేరీకి ఒంటరిగానే వెళ్లి వచ్చాను

తోడు వస్తానన్న మిత్రుడు చివరి నిమిషంలో మానుకోవడంతో, నలభై మూడేళ్ల వయసులో ఒక రాక్ బృందం కోసం హైదరాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు ఒంటరిగా వెళ్లడం సబబేనా అని ఇదివరకు అడిగాను. వెళ్లమన్న వారందరికీ కృతజ్ఞతలు. 2025 జనవరి 25న నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లేను చూశాను.

ప్రయాణం గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. లోపలికి వెళ్లేటప్పుడు చేతికి కట్టుకోమని ఇచ్చిన ఎల్‌ఈడీ పట్టీలను మాత్రం మొదట పిల్లల ఆటవస్తువులనుకున్నాను. అయితే 2000లో వచ్చిన తొలి ఆల్బమ్‌లోని ‘యెల్లో’ మొదలై, ఎక్కడినుంచో అందిన సంకేతంతో ఆ పట్టీలన్నీ పసుపు రంగులో వెలిగినప్పుడు, లక్షకు పైగా సీట్లున్న ఆ స్టేడియం చెరిగిపోయి, వరంగల్‌లోని మా హాస్టల్ గది కళ్లముందు నిలిచింది. ఆ పాట కాపీ చేయించుకున్న క్యాసెట్‌ను నా గదిమిత్రుడు టేపు సాగి, క్రిస్ మార్టిన్ గొంతు బొంగురుపోయేదాకా వేసేవాడు; మాటలు అర్థం కావడం లేదని నేను విసుక్కుంటే, “మాటలెందుకు మామా, ఆ గిటార్ విను” అనేవాడు. అతడు పోయి ఐదేళ్లయింది. మొదటిసారి అడిగినప్పుడు ఈ సంగతి రాయడానికి ఎందుకో మనసు రాలేదు.

ఆ రాత్రి నేను వినగలిగింది జానీ బక్‌లాండ్ గిటార్ ఒక్కటే. ఏడుస్తున్నానని నాకు తెలిసేలోపే, పక్క సీటులోని కాలేజీ అమ్మాయి ఏమీ అడగకుండా మంచినీళ్ల సీసా అందించింది.