ముత్తాత కన్నతండ్రి ఎవరు? దస్తావేజును నమ్మాలా, అవ్వ మాటనా?

పలమనేరు ఆడబిడ్డ:
మా ముత్తాతది పలమనేరు దగ్గర పల్లె. 1926 నాటి క్రయ దస్తావేజు నకలు ఈమధ్యే చేతికొచ్చింది. అందులో ఫలానా వారి కుమారుడు, వయస్సు సుమారు 50 అని ఉంది. మా అవ్వ మాత్రం వేరే మాట చెప్పేది. ధాత కరువులో ఎవరో తల్లి, దస్తావేజులో తండ్రిగా ఉన్నాయన ఇంటి అరుగు మీద వదిలిపోయిన బిడ్డనట, వాళ్ళే పెంచుకున్నారట. మహాలయ అమావాస్యకు ముత్తాత పెద్దలందరికీ వేసే విస్తళ్ళు కాక ఇంకొకటి వేసి, "ఇది మా అమ్మకు" అనేవాడట. పేరు చెప్పేవాడు కాదట. మా అన్న కాగితమే ఫైనల్ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

చిత్తూరు రైటర్:
అమ్మా, దస్తావేజులు రాయడమే నా పని. తండ్రి పేరు రాయించుకునేవాళ్ళు చెప్పిందే రాస్తాం. రాసిచ్చింది ఆ మనిషేనా, ఒప్పుకునే రాసిచ్చాడా అన్నది సబ్ రిజిస్ట్రార్ చూస్తాడు గానీ పుట్టుక తేల్చడు. అమ్మిన ఆ భూమి మీ ముత్తాతకు ఎలా వచ్చిందో పట్టుకోండి, కీలకం అక్కడుంది. కన్నకొడుకైనా, శాస్త్రోక్తంగా దత్తత వచ్చినవాడైనా ఆస్తి వారసత్వంగా వస్తుంది. ఊరికే పెంచుకున్న అభిమాన పుత్రుడికి ఆ హక్కు లేదు, పెంచినవాళ్ళు దానపత్రమో వీలునామానో రాయాల్సిందే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే పేర్ల ఇండెక్సులో మీ ముత్తాత, ఆ ఇంటాయన ఇద్దరి పేర్లతోనూ వెతికించండి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు పలమనేరు ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేది. పాత కాగితంలో ఆ పేరు కనిపిస్తే మనది కాదని వదిలేయకండి.

మదనపల్లె మాస్టారు:
భూమి సంగతి సరే. కరువు కథను మాత్రం అంత తేలిగ్గా నమ్మలేను. ధాత కరువు 1876–78. లెక్క సరిపోయినట్టే ఉంది గానీ, పుట్టిన తేదీలు రాసిపెట్టుకోని రోజుల్లో ఆ "సుమారు" అయిదారేళ్ళు అటూ ఇటూ పోతుంది. ఇక ఆ విస్తరి తల్లి గురించి చెబుతుంది, తండ్రి గురించి కాదు. ఆ ఇంటాయన మొదటి భార్య పురిట్లో పోయి, రెండో ఆవిడ బిడ్డను పెంచి ఉంటే? అప్పుడు దస్తావేజూ నిజమే, విస్తరీ నిజమే.

పలమనేరు ఆడబిడ్డ:
మొదటి భార్య అయితే ఊరందరికీ తెలిసిన పేరే కదా మాస్టారూ, ఆయన చెప్పకపోవడం దేనికి? తెలియకనే చెప్పలేదని నా నమ్మకం.

తిరుపతి తమ్ముడు:
అక్కా, ఇంత తర్జనభర్జన ఎందుకు? వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా వస్తుంది. మీ అన్న, ఆ ఇంటాయన సొంత తమ్ముడి వంశంలో ఒక మగాయన డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటే తేలిపోతుంది.

మదనపల్లె మాస్టారు:
తేలదు నాయనా. కలవకపోతే తేడా ముత్తాత దగ్గరే వచ్చిందని ఎలా అంటావు? మధ్యలో ఏ తరంలోనైనా వచ్చి ఉండొచ్చు. అప్పుడు మాట పడేది ఆ ఇళ్ళ ఆడవాళ్ళు. కలిస్తే అన్నదమ్ముల్లో ఎవరి బిడ్డో చెప్పలేం. ఎందుకో చెప్పకుండా దాయాదుల దగ్గర శాంపిల్ అడగడం అన్యాయం.

పలమనేరు ఆడబిడ్డ:
టెస్ట్ వద్దు. ఇండెక్సు వెతకడానికి అర్జీ పెడతాను. నాయన సంకల్పంలో చెప్పే గోత్రం కూడా మార్చమనను, పెంచినవాళ్ళది మాది కాకుండా పోదు.

చిత్తూరు రైటర్:
మంచిదమ్మా. దానపత్రం దొరికితే సర్వే నంబర్ల కన్నా ముందు, ఎందుకు ఇస్తున్నామో రాసిన వాక్యం చదవండి. చిన్నప్పటి నుంచి మా దగ్గర పెరిగినందున అన్న మాట ఉంటే అక్కడే ఉంటుంది.